ఆ పోలీసు జట్టు – ఒక స్మరణ

1950 మొదలుకొని 1954 వరకు వరుసగా ఐదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పును ఒకే ఫుట్‌బాల్ జట్టు గెలుచుకొన్నది. అది పేరు మోసిన కలకత్తా జట్టు కాదు, సైనిక దళానికి చెందినదీ కాదు. అది హైదరాబాదు నగర పోలీసు శాఖ జట్టు. అందులోని ఆటగాళ్ళు ఉద్యోగరీత్యా పోలీసులు. నెల మొదట్లో జీతం తీసుకొని, యూనిఫారం ఉతుక్కొని, పై అధికారికి సెల్యూట్ చేసే సామాన్యులు. నేటి యువతరంలో ఈ సంగతి ఎరిగినవారు అరుదు. మనవంటి ప్రభుత్వరంగ సంస్థలో పనిచేసే వారికి మాత్రం ఆ జట్టు కథ ప్రత్యేకంగా తెలియవలసినదని నా అభిప్రాయం. ఎందుకంటే అది ఒక సంస్థ తన ఉద్యోగులకు ఆడుకొనే అవకాశం ఇచ్చి, దాని ద్వారా దేశానికే ఒక జట్టును సమకూర్చిపెట్టిన కథ.

ఆ జట్టు ఆట చూసే వయస్సు నాది కాదు. నేను పుట్టేనాటికి ఆ వైభవం ముగిసిపోయింది. నాకు తెలిసినదంతా మొదట మా నాన్నగారి నోట విన్నదే. ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేశారు. బాల్యంలో తమ అన్నగారి సైకిలు వెనుక కూర్చొని ఫతేమైదానానికి వెళ్ళి మ్యాచీలు చూసేవారట. మా క్వార్టర్ల వరండాలో సాయంత్రం పూట నలుగురు పెద్దవాళ్ళు చేరితే చాలు, "నూర్, అజీజ్, మొయిన్, లాయక్" అని పేర్లు దొర్లేవి. ఇంటిలో మేనమామల పేర్లు ఎంత చనువుగా పలుకుతారో ఆ పేర్లూ అంత చనువుగా పలికేవారు. ఒకరు తెలుగులో మొదలుపెడితే మరొకరు ఉర్దూలో అందుకొనేవారు, పక్కింటి తమిళాయన మధ్యలో సవరించేవారు. తరువాత ఇంజనీరింగు చదివే రోజుల్లోను, ఉక్కు కర్మాగారంలో యాంత్రిక నిర్వహణ విభాగంలో చేరిన తరువాతను, తీరిక దొరికినప్పుడల్లా ఆ జట్టును గురించి చదువుతూ, తెలిసినవారిని అడుగుతూ వచ్చాను. చిన్నప్పుడు విన్నది ఆటగాళ్ళ కథ. ఉద్యోగంలో తల నెరసిన తరువాత అది నాకు ఒక వ్యవస్థ కథగా కనిపించసాగింది.

ఆ రోజుల్లో ఫుట్‌బాల్ ఆడి కుటుంబాన్ని పోషించుకోవడం హైదరాబాదులో సాధ్యమయ్యేది కాదు. ఆటగాళ్ళలో అధికులు పేదయిళ్ళ పిల్లలు. శివకుమార్ లాల్ వంటి క్రీడాభిమానులైన పోలీసు అధికారులు అటువంటి పిల్లలను గుర్తించి శాఖలోకి తీసుకొన్నారు. ఉద్యోగం వచ్చింది కనుక ఇంటిలో పొయ్యి వెలిగింది. పొయ్యి వెలిగింది కనుక ఉదయం మైదానానికి రావడానికి తల్లిదండ్రుల అభ్యంతరం తొలగింది. ఈ రెండు వాక్యాలలోనే ఆ స్వర్ణయుగపు ఆర్థికశాస్త్రమంతా ఉన్నది. జీతం పెద్దదేమీ కాదు, కాని అది నిలకడగా వచ్చేది. నిలకడ ఉన్నచోట సాధన సాధ్యమవుతుంది.

ఆ నిలకడ ఫలితం కప్పుల రూపంలో కనిపించింది. 1950లో డ్యూరండ్ కప్పు ఫైనలులో మోహన్ బగాన్‌ను ఓడించారు. 1954లో మళ్ళీ డ్యూరండ్ గెలిచారు. ఆనాటి ప్రత్యర్థి బెంగుళూరు హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ జట్టు. అంటే మనలాగే ఒక కర్మాగారపు ఉద్యోగుల జట్టు ఆ ఫైనలుదాకా వచ్చిందన్నమాట. 1957లో ఈస్ట్ బెంగాల్ మీద మూడవసారి డ్యూరండ్ సాధించారు. రాష్ట్రం మారి, జట్టు ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టుగా పేరు మార్చుకొన్న తరువాత 1961లో మోహన్ బగాన్ మీదనే నాల్గవసారి గెలిచారు. ఈ జట్టు వెన్నెముకగా నిలిచిన హైదరాబాదు రాష్ట్ర జట్టు 1956, 1957 సంవత్సరాలలో జాతీయ చాంపియన్‌షిప్ అయిన సంతోష్ ట్రోఫీని వరుసగా కైవసం చేసుకొన్నది.

ఈ విజయాల వెనుక ఉన్న వ్యక్తి వృత్తిరీత్యా బడిపంతులు. సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా పట్టభద్రులు. నగరంలోని పాఠశాలల్లో ఉపాధ్యాయులుగా పనిచేశారు. 1940ల ప్రారంభం నుండి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి బాధ్యతలు మోశారు. 1950లో పోలీసు జట్టు శిక్షకులయ్యారు. భారత జట్టు శిక్షణ బాధ్యత కూడా దాదాపు అదే కాలంలో ఆయన భుజాల మీద పడింది. అందరూ ఆయనను 'రహీం సాబ్' అనేవారు. మా నాన్నగారు ఇప్పటికీ ఆ పేరు చెప్పేటప్పుడు కుర్చీలో కొంచెం నిటారుగా కూర్చొంటారు.

రహీంగారి పద్ధతులు చదివినప్పుడు ఒక ఇంజనీరుగా నాకు ముచ్చట వేసింది. ఆయన పిల్లలకు రకరకాల పోటీలు పెట్టేవారు. ఒక పోటీలో బంతిని దగ్గర పెట్టుకొని డ్రిబ్లింగ్ చేయరాదు, అందినది అందినట్లు తోటివాడికి అందించాలి. మరొక పోటీలో అలవాటు లేని కాలితోనే తన్నాలి. కుడికాలి వాటంవాడు ఎడమకాలితో, ఎడమకాలి వాటంవాడు కుడికాలితో. మన పంపుహౌసులలో పనిచేసినవారికి దీని మర్మం చెప్పనక్కరలేదు. ప్రతి ముఖ్యమైన పంపు పక్కన ఒక స్టాండ్‌బై పంపు ఉంటుంది. దానిని వారం వారం నడిపి చూడకపోతే, అసలు పంపు ఆగిపోయిన రాత్రి అది కూడా తిరగదు. మనిషి రెండవకాలు కూడా అటువంటి స్టాండ్‌బై పంపే. రోజూ నడిపి సిద్ధంగా ఉంచితే అవసరం వచ్చిన క్షణాన పని చేస్తుంది. ఆ బడిపంతులు ఈ సూత్రాన్ని ఏ నిర్వహణ గ్రంథమూ చదవకుండానే గ్రహించారు.

అపజయం నుండి ఆయన నేర్చుకొన్న తీరు కూడా గమనింపదగినది. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో ఇరాన్‌ను 1-0తో ఓడించి భారత్ స్వర్ణం గెలిచింది. ఆ జట్టులో మన అజీజుద్దీన్, నూర్ మహమ్మద్ ఉన్నారు. మరుసటి సంవత్సరమే హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తుగా ఓడిపోయాము. ఆ చలిలో మనవారిలో కొందరు ఉత్తకాళ్ళతో ఆడారు. ఆ తరువాత దేశంలో బూట్లు వేసుకొని ఆడడం తప్పనిసరి అయింది. అలవాటులేని బూట్లతో ఆటగాళ్ళను మళ్ళీ మొదటి నుండి తీర్చిదిద్దుకోవలసి వచ్చింది. రహీంగారు ప్రపంచంలో మంచి జట్లు ఎలా ఆడుతున్నాయో శ్రద్ధగా పరిశీలించి, బంతి వేగంగా చేతులు మారే, కాదు, కాళ్ళు మారే ఆటను అలవాటు చేశారు.

నాలుగేళ్ళ తరువాత ఫలితం తెలిసింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను భారత్ 4-2తో ఓడించింది. బొంబాయికి చెందిన నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశాడు. సెమీఫైనల్‌లో అదే యుగోస్లావియా మీద మొదటి గోల్ మనమే చేశాము, చివరకు 4-1తో ఓడినా, పదిగోళ్ళు తిన్న జట్టు నాలుగేళ్ళలో ఎంత దూరం నడిచిందో లోకానికి తెలిసింది. మూడవ స్థానం కోసం జరిగిన పోటీలో బల్గేరియా చేతిలో ఓడి నాల్గవ స్థానంతో తిరిగివచ్చాము. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, బలరాం వంటి హైదరాబాదీలు ఆ జట్టులో ఉన్నారు. భారత ఫుట్‌బాల్ ఒలింపిక్స్‌లో అంతకన్న పైకి ఎన్నడూ ఎక్కలేదు.

ఆ తరం ఆటగాళ్ళలో ముగ్గురిని గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ముగ్గురూ ఈ నేలమీద పుట్టి పెరిగినవారే. ముగ్గురి దారులూ మాత్రం మూడు విధాలుగా చీలాయి.

మొదటివాడు యూసుఫ్ ఖాన్. పోలీసు జట్టును విడువకుండా ఆడిన మనిషి. హాఫ్‌బ్యాకుగా ఆడమంటే ఆడేవాడు, ఫార్వర్డుగా ఆడమంటే ఆడేవాడు. జట్టులో ఎక్కడ ఖాళీ ఏర్పడితే అక్కడ ఇమిడిపోయేవాడు. మన షాపులో కూడా అటువంటి వారు ఒకరిద్దరు ఉంటారు. క్రేను నడిపేవాడు రాకపోతే క్రేను ఎక్కుతారు, వెల్డరు సెలవులో ఉంటే వెల్డింగు హోల్డరు పట్టుకొంటారు. వారి పేరు ఏ ప్రశంసాపత్రంలోనూ ముందు కనిపించదు గాని, వారు లేని రోజున పని నడవదు. యూసుఫ్ ఖాన్‌కు 1966లో అర్జున అవార్డు లభించింది. చివరి సంవత్సరాలలో పార్కిన్సన్స్ వ్యాధితో బాధపడి 2006లో మరణించాడు.

రెండవవాడు తులసీదాస్ బలరాం. సికిందరాబాదు సమీపంలోని అమ్ముగూడలో ఒక పేద తమిళ కుటుంబంలో పుట్టాడు. మా నాన్నగారి ఈడువాడే. రోజూ అంత దూరం నుండి శిక్షణకు రావడానికి చేతిలో డబ్బు లేదని తెలిసి, సైకిలు అద్దెకు రహీంగారే డబ్బు ఇచ్చేవారని బలరాం పెద్దయిన తరువాత ఎన్నోసార్లు చెప్పుకొన్నారు. ఆ అద్దె సైకిలు మీద వచ్చిన కుర్రవాడు ఇరవై ఏళ్ళు నిండుతున్న ప్రాయంలో మెల్‌బోర్న్ చేరాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఒక గోల్, పెరూ మీద ఒక గోల్ చేశాడు. కలకత్తా వెళ్ళి ఈస్ట్ బెంగాల్‌కు ఆడాడు. చునీ గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరాం అని ముగ్గురి పేర్లూ కలిపి చెప్పుకొనే స్థాయికి చేరాడు. 1962లో అర్జున అవార్డు వచ్చింది. ఊపిరితిత్తుల పొరకు వ్యాధి సోకడం వల్ల 1963లోనే, మూడు పదులు నిండకుండానే ఆట మానుకోవలసి వచ్చింది. మిగిలిన జీవితం బెంగాల్‌లోనే గడిపి 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో కన్నుమూశారు. తోటివారిద్దరికీ లభించిన పద్మ పురస్కారం ఆయనకు లభించలేదు. మరణవార్త పత్రికలో చదివి మా నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మనూరి వాడురా" అని ఒక్కమాట అన్నారు.

మూడవవాడు పీటర్ తంగరాజ్. 1935లో హైదరాబాదులో పుట్టాడు. పోలీసు జట్టులోకి రాకుండా సైన్యంలో చేరి, మద్రాసు రెజిమెంటల్ సెంటర్ తరఫున ఆడాడు. అక్కడ ఫార్వర్డుగా మొదలుపెట్టి గోల్‌కీపరుగా మారాడు. ఆజానుబాహువు. ఆసియా ఖండంలోనే ఉత్తమ గోల్‌కీపరని పేరు పొందాడు. 1967లో అర్జున అవార్డు అందుకొన్నాడు. నేను మన అంతర్విభాగ పోటీలలో పదేళ్ళు గోల్‌పోస్టుల మధ్య నిలబడినవాణ్ణి కనుక ఆయన మీద నాకు సహజంగానే పక్షపాతం. గోల్‌కీపరు కష్టం గోల్‌కీపరుకే తెలుస్తుంది. తక్కిన పదిమందికి బంతి వచ్చినప్పుడు పని. అతనికి బంతి రానంతసేపూ పనే. ఆటనుండి విరమించాక శిక్షకుడిగా పనిచేసి, చివరకు బొకారో ఉక్కునగరంలో స్థిరపడ్డారు. 2008 నవంబరులో బొకారోలోని ఒక సహోద్యోగి గేర్‌బాక్సు విడిభాగాల విషయమై నాతో ఫోనులో మాట్లాడుతూ, "మా ఊళ్ళో ఒక పెద్దాయన పోయారు, ఫుట్‌బాల్ ఆడేవారట, మీ హైదరాబాదు వారేనట" అన్నాడు. పేరు అడగనవసరం లేకపోయింది.

ఈ ముగ్గురూ కలిసి ఒకేసారి ఒకే మైదానంలో దేశం కోసం నిలబడిన రోజు ఒకటి ఉన్నది. అది 1962 సెప్టెంబరు 4, జకార్తా ఆసియా క్రీడల ఫైనల్. ప్రత్యర్థి దక్షిణ కొరియా. అంతకు ముందు తొలి మ్యాచిలో అదే కొరియా మనలను 2-0తో ఓడించింది. థాయిలాండ్, జపాన్, దక్షిణ వియత్నాం జట్లను దాటుకొని మళ్ళీ ఆ ప్రత్యర్థి ఎదుటికే వచ్చాము. ఇజ్రాయెల్, తైవాన్ దేశాలను ఆ క్రీడలకు రానివ్వకపోవడాన్ని ఒక భారతీయ క్రీడాధికారి విమర్శించినందువల్ల జకార్తా ప్రేక్షకులు మనవారి మీద ఆగ్రహంగా ఉన్నారు. కిక్కిరిసిన స్టేడియం మనకు వ్యతిరేకంగా అరుస్తున్నది. మన తరఫున గొంతెత్తినవారిలో పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళు ఉన్నారన్నది తలుచుకొంటే నేటికీ మనసు చల్లబడుతుంది.

ఆ రోజు జట్టు ఎంత దెబ్బతిని ఉన్నదో చూడండి. తంగరాజ్ జ్వరం వల్ల ముందు మ్యాచీలు ఆడలేదు, ఫైనలుకు తిరిగివచ్చాడు. డిఫెండరైన జర్నయిల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీంగారు అతన్ని వెనుక నిలపక ముందుకు తెచ్చి ఫార్వర్డుగా ఆడించారు. పి.కె. బెనర్జీ మొదటి గోల్ చేశాడు, ఆ కుట్లు పడిన తలతోనే ఉన్న జర్నయిల్ సింగ్ రెండవది చేశాడు. భారత్ 2-1తో గెలిచింది. జర్నయిల్‌ను ముందుకు తేవడం అదృష్టం మీద వేసిన పాచిక కాదు. అలవాటు లేని కాలితో ఆడించిన గురువు, అలవాటు లేని స్థానంలో ఆడించగల ధైర్యం కూడగట్టుకొన్నాడు. మన జట్టులో ఎవరి రెండవ కాలు ఎంత పనిచేస్తుందో ఆయనకు తెలుసు.

ఏడాది తిరగకుండానే, 1963 జూన్ 11న, రహీంగారు ఊపిరితిత్తుల కాన్సరుతో మరణించారు. వయస్సు 53. ఇక్కడ మన ఇంజనీర్లు గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. పెద్ద ఫ్లైవీలు ఉన్న యంత్రానికి కరెంటు తీసివేసినా చక్రం వెంటనే ఆగదు, కొంతసేపు తిరుగుతూనే ఉంటుంది. చూసేవారికి అంతా బాగానే ఉన్నట్లు తోస్తుంది. హైదరాబాదు ఫుట్‌బాల్ అలాగే తిరిగింది. 1965లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో హైదరాబాదు పోలీసు జట్టులో ఎదిగిన సయ్యద్ నయీముద్దీన్ నాయకత్వాన భారత్ కాంస్యం తెచ్చింది. ఆ జట్టులో మన నగరం బిడ్డ మహమ్మద్ హబీబ్ ఉన్నాడు. ఉద్యోగాలు ఇస్తామన్నవారిని కాదని, ఆటే జీవనంగా కలకత్తాలో బ్రతికిన సాహసి. 1977లో పెలే ఆడిన కాస్మోస్ జట్టు మీద మోహన్ బగాన్ తరఫున గోల్ చేసినవాడు. ఆయన 2023 ఆగస్టు 15న హైదరాబాదులో కన్నుమూశారు. ఇవన్నీ చక్రం తిరిగిన తిరుగుళ్ళు. కరెంటు మాత్రం ఎప్పుడో ఆగిపోయింది.

ఎందుకు ఆగిపోయిందని మా నాన్నగారి మిత్రులు గంటల తరబడి వాదించుకొనేవారు. మంచి ఆటగాళ్ళను కలకత్తా లాగేసుకొన్నదని ఒకరు, క్రికెట్టు మింగేసిందని ఒకరు. రెండింటిలోనూ నిజమున్నది. కాని నాకు తోచే కారణం ఇంకొకటి. రహీంగారి తరువాత కప్పులు ఎలా గెలవాలో ఆలోచించినవారు ఉన్నారు గాని, పదేళ్ళ పిల్లవాడి ఎడమకాలిని గురించి ఆలోచించినవారు తక్కువ. ఉత్పత్తి మీద దృష్టి పెట్టి నిర్వహణను విస్మరించిన కర్మాగారానికి ఏ గతి పడుతుందో ఆ గతే పట్టింది. మొదటి నాలుగేళ్ళు లెక్కలు బాగుంటాయి. అయిదవ ఏట ఒక్కొక్క యంత్రమే మూలుగుతుంది.

ఆటగాళ్ళను ఊరు మరచినా, అప్పుడప్పుడు ఎవరో ఒకరు తట్టి లేపుతుంటారు. 2024లో రహీంగారి జీవితం ఆధారంగా 'మైదాన్' అనే హిందీ చలనచిత్రం వచ్చింది. అంతకు ముందు 2022లో హైదరాబాదు పేరు పెట్టుకొన్న వృత్తి జట్టు ఇండియన్ సూపర్ లీగ్ గెలిచినప్పుడు నేను ఉత్సాహంగా మా నాన్నగారికి చెప్పాను. ఆయన పత్రిక పక్కన పెట్టి, "మంచిదే. అందులో మన గల్లీల పిల్లలెందరు?" అని అడిగారు. ఎనభై దాటిన ఆ మాజీ ఫిట్టరు లెక్క వేసే పద్ధతి అది. ఆయనకు కప్పు కన్న పిల్లలు ముఖ్యం.

ఇక మన సంగతి. మన సంస్థలలో క్రీడాకారుల నియామకాలు ఒకనాటివలె లేవు. ఖర్చు తగ్గించుకోవలసిన అవసరాన్ని కాదనను. అది నాకూ తెలిసిన బాధే. పోలీసు శాఖ ఆనాడు ఇచ్చినట్లు ఆటగానికొక ఉద్యోగం ఇవ్వగల స్థితి అన్ని సంస్థలకూ నేడు లేకపోవచ్చు. కాని ఆ జట్టుకు ఊపిరి పోసినవి రెండు. ఒకటి జీతం, రెండవది ఒక గురువు సాయంకాలాలు. మొదటిది మన చేతిలో లేదు. రెండవదానికి మంజూరు ఉత్తర్వు అక్కరలేదు. మన టౌన్‌షిప్ మైదానంలో పదవీవిరమణ చేసిన ఒక రోలింగ్ మిల్లు ఆపరేటరు రోజూ సాయంత్రం నలభై మంది పిల్లలను ఆడిస్తున్నారు. వారిలో మన ఉద్యోగుల పిల్లలు ఉన్నారు, కాంట్రాక్టు కార్మికుల పిల్లలు ఉన్నారు, ప్రహరీ అవతలి గ్రామాల పిల్లలూ ఉన్నారు. గేటు దగ్గర పాసు అడిగి ఆ చివరివారిని వెనుకకు పంపాలన్న ప్రతిపాదన ఒకటి ఇటీవల వినవచ్చింది. భద్రత దృష్ట్యా అలా ఆలోచించేవారిని తప్పుపట్టను. అయితే అమ్ముగూడ నుండి అద్దె సైకిలు మీద వచ్చిన కుర్రవాడి దగ్గర కూడా ఏ పాసూ లేదని మాత్రం గుర్తుచేయదలచాను. పిల్లల పేర్లు ఒక రిజిస్టరులో వ్రాసుకొని, సాయంత్రం రెండు గంటలపాటు ఆ చిన్నగేటు తెరిచి ఉంచడానికి మన సంక్షేమ విభాగం అంగీకరిస్తుందని ఆశిస్తున్నాను.

మరొక చిన్న కోరిక. వచ్చే అంతర్విభాగ షీల్డు పోటీల రోజుల్లో పిల్లలకు ఒకపూట 'రెండవకాలి పోటీ' నిర్వహించుదాము. వాటం లేని కాలితో తప్ప బంతి తన్నరాదు. ముందుగా పెద్దలు ఒక ప్రదర్శన మ్యాచి ఆడితే పిల్లలకు మంచి వినోదం కూడా. యాంత్రిక విభాగం తరఫున గోల్‌కీపరుగా నిలబడడానికి నేను సిద్ధం. విద్యుత్ విభాగం మిత్రులు తమ ఎడమకాళ్ళను ఇప్పటి నుండే నడిపి చూసుకోవలసిందిగా మనవి.